ఇంటి పక్క కారు షెడ్డుకి ఏ ఫ్యాను? సీలింగా, గోడదా, ఎగ్జాస్టా, ఫర్రాటానా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా షాపులోకి వెళ్లి "షెడ్డులోకి మంచి ఫ్యాను చూపించండి" అంటే ముందు బయటికి తీసేది సీలింగ్ ఫ్యానే, లేదంటే హోరుమనే ఫర్రాటా, అంటే పెద్ద రెక్కల హైస్పీడ్ ఫ్యాను. రెండూ మంచి వస్తువులే. కానీ మీ షెడ్డు పైన రేకా శ్లాబా, ముందు షట్టర్ ఉందా లేదా, లోపల మీరు రోజుకి ఎంతసేపు ఉంటారు అని అడిగే షాపు అరుదు. ఈ మూడూ తేల్చుకోకుండా కంపెనీ పేరూ స్పీడూ చూసి కొంటే ఆ ఫ్యాను ఉన్న వేడి గాలినే గిరగిరా తిప్పుతుంది, కరెంటు బిల్లు మాత్రం వస్తుంది.

మన వైపు కారు షెడ్డు అంటే కారొక్కటే ఉండదు కదా. ఓ బండి, పిల్లల సైకిళ్లు, ధాన్యం బస్తాలు, పాత మంచం, ఉద్దానం వైపైతే ఓ మూల కొబ్బరికాయల గుట్ట. కొందరికి అదే కుట్టు మిషను గది, కొందరికి అదే మెకానిక్ పని చేసుకునే చోటు, మధ్యాహ్నం పూట పెద్దాయన నడుం వాల్చేదీ అక్కడే. కాబట్టి అందరికీ ఒకే ఫ్యాను సరిపోదు.

ఫ్యాను ఏం చేస్తుంది, ఏం చెయ్యలేదు

ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటి మీద చెమటని ఆరబెడుతుంది, అందువల్ల మనకి చల్లగా ఉంటుంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. షెడ్డులో గాలి అంతకన్నా తక్కువ వేడిగా ఉన్నంతసేపు ఏ ఫ్యానైనా హాయిగానే ఉంటుంది. అది దాటాక గాలి తగిలేకొద్దీ ఒంట్లోకి వేడి ఎక్కుతూనే ఉంటుంది, చెమట ఆరడం వల్ల వచ్చే చల్లదనం ఒక్కటే మిగిలిన ఆధారం. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట అంత సులువుగా ఆరదు, అందుకే భోగాపురం, కళింగపట్నం, బారువ వైపు 35 డిగ్రీలకే ఉక్కపోతతో ప్రాణం విసిగిపోతుంది. అదే బొబ్బిలి, రాజాం వైపు పడమటి గాలి కొట్టే రోజున ఎండ ఇంకా ఎక్కువున్నా నీడలో చెమట తొందరగా ఆరిపోతుంది. ఈ తేడా మీరు కొనే వస్తువుని కూడా మారుస్తుంది, కూలర్ దగ్గర మళ్లీ చెబుతాను.

రేకుల షెడ్డులో అసలు తలనొప్పి పైకప్పే. ఎండకి కాలిన రేకు నేరుగా నెత్తి మీదకి సెగ కొడుతుంది, ఆ సెగని ఏ ఫ్యానూ ఆపలేదు. లోపల వేడెక్కిన గాలి పైకి చేరి రేకు కిందే పొరలా నిలబడిపోతుంది. దాన్ని బయటికి పంపే దారి లేకుండా లోపల ఫ్యాను పెట్టడం మూత పెట్టిన గిన్నెలో గరిటె తిప్పడం లాంటిదే. అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు రేకు మీద తెల్ల సున్నమో, ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటో; తర్వాత వేడి గాలి పోయే దారి; ఆ తర్వాతే ఒంటికి గాలి కొట్టే ఫ్యాను. చాలామంది మూడోదాన్ని ముందు కొనేసి, మొదటి రెండూ వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు.

కొనే ముందు చూసుకోవాల్సినవి

పైకప్పు ఎత్తు టేపు పెట్టి కొలవండి, అందాజాగా వద్దు. రేకు వాలుగా ఉంటుంది కాబట్టి తక్కువ వైపు ఎంత ఎత్తుందో అదే లెక్క. షెడ్డు ఎన్ని వైపుల తెరిచి ఉంది అనేది రెండోది. ముందూ పక్కా తెరిచి ఉన్న పోర్టికోకి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టడం డబ్బు దండగ. మూడు వైపులా గోడలు, ముందు షట్టర్ ఉన్నదానికి ఎగ్జాస్ట్ లేకపోతే ఏది పెట్టినా దండగ.

తర్వాత ఉప్పుగాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇనుప జాలీ, స్క్రూలు, స్టాండు గొట్టం చూస్తుండగానే తుప్పెక్కుతాయి, అలాంటి చోట ప్లాస్టిక్ జాలీనో, పౌడర్ కోటింగ్ వేసినదో మేలు. వోల్టేజీ సంగతి కూడా చూసుకోండి. సాయంత్రం లైట్లు డిమ్ అయ్యే ఊరైతే మామూలు ఫ్యాను కూడా నీరసంగానే తిరుగుతుంది.

ఇక తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే, ఆ రోజు ఎగిరిన రేకుల లెక్క మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. రేకుకి కన్నం పెట్టి బిగించే ఏ వస్తువైనా కొనే ముందు ఆ గాలిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

సీలింగ్ ఫ్యాను

శ్లాబు వేసిన పోర్టికోకైతే నిస్సందేహంగా మంచిది. 1200 ఎం.ఎం. ఫ్యాను గాలిని నలుదిక్కులా పరుస్తుంది, శబ్దం తక్కువ, నేల మీద చోటు తినదు, పిల్లలకి అందదు. మామూలుది 75 వాట్ల వరకూ తీసుకుంటుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి డబ్బా మీద చుక్కలు చూసి పోల్చుకోవచ్చు.

రేకుల షెడ్డుకి మాత్రం నాకు నచ్చదు. అది గాలిని పై నుంచి లాగి కిందకి కొడుతుంది, పైన ఉన్నది రేకు కింద కాగిన గాలి. మధ్యాహ్నం రెండింటికి కింద కూర్చుంటే పొయ్యి ముందున్నట్టే ఉంటుంది. రాత్రిపూట రేకు చల్లారాక బాగానే ఉంటుంది, అది వేరే సంగతి. ఎత్తు సమస్య కూడా ఉంది. రెక్కలు నేల నుంచి ఏడడుగుల పైనే ఉండాలి, ఎనిమిదడుగులుంటే నిశ్చింత. ఫ్యాను కింద కారు పెట్టి వెనక డిక్కీ తలుపు ఎత్తితే అది ఎంత పైకి వస్తుందో ఒకసారి కొలవండి, నిచ్చెన భుజాన వేసుకుని లోపలికి వచ్చేవాళ్లనీ లెక్కేయండి. పెట్టాలనే అనుకుంటే ఇనుప పైపుకి క్లాంపు వేసి బిగించాలి, రేకుకి వేలాడదీసే పని ఎవరు చేస్తామన్నా వద్దనండి.

గోడ ఫ్యాను

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. 400 ఎం.ఎం. గోడ ఫ్యాను 50 నుంచి 60 వాట్లు తీసుకుంటుంది, మన నిలువెత్తు దగ్గరున్న గాలిని లాగి మన మీదకే కొడుతుంది, పైన కాగిన పొరని కదపదు. కారుకి అడ్డం రాదు, నేల కడిగినప్పుడు నీళ్లలో నానదు. అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి ఇద్దరు కూర్చున్నా సరిపోతుంది. హైస్పీడ్ అని రాసి ఉన్నవి నిమిషానికి 1350 చుట్ల దాకా తిరుగుతాయి. అవి కొంచెం హోరుమంటాయి గానీ షెడ్డుకి అవే తీసుకోండి, మామూలువి బెడ్‌రూములకి.

దీని లోపం దూరం. పది, పన్నెండు అడుగులు దాటితే గాలి తేలిపోతుంది. పొడవాటి షెడ్డు మొత్తానికి ఒకటే పెట్టి అన్ని మూలలకీ గాలి రావాలంటే రాదు, మీరు పనిచేసే చోటుకి గురిపెట్టి బిగించుకోవాలి. తాడు లాగే స్విచ్చు రకమైతే ఆ తాడు కొన్నాళ్లకి తెగుతుంది, కాబట్టి విడిగా గోడ స్విచ్చు పెట్టించుకోండి. గోడ కాకుండా రేకు దడి అయితే బిగించడానికి ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించాలి, లేకపోతే ఫ్యానుతో పాటు దడి కూడా గడగడలాడుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాను

షట్టర్ ఉన్న షెడ్డుకి మొదట కొనాల్సింది ఇదే, కానీ చాలామంది దీన్ని వంటింటి వస్తువు అనుకుని వదిలేస్తారు. ఇది మీ ఒంటికి గాలి కొట్టదు, ఎదురుగా నిలబడితే ఏమీ తెలియదు కూడా. ఇది చేసేది కాగిన గాలిని బయటికి తోసి, ఆ చోటికి బయటి గాలిని రప్పించడం. షెడ్డు లోపల బయటికంటే బాగా వేడిగా ఉంటే ఆ తేడా తగ్గిస్తుంది. బయటే 40 ఉంటే లోపల 40 కంటే తగ్గించలేదు.

సైజు ఎంచుకోవడానికి చిన్న లెక్క. షెడ్డు 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 9 ఎత్తు అనుకోండి. గుణిస్తే 1800 ఘనపుటడుగులు, అంటే దాదాపు 51 ఘనపు మీటర్లు. ఫ్యాను డబ్బా మీద గంటకి 1000 ఘనపు మీటర్లు అని ఉంటే గంటలో ఇరవై సార్లు, అంటే మూడు నిమిషాలకొకసారి లోపలి గాలంతా మారుతుంది. రేకుల షెడ్డుకి అంత మాత్రం ఉండాలి, ఇంకా ఎక్కువున్నా నష్టం లేదు. ఇంట్లో బాత్రూముకి పెట్టే ఆరంగుళాలది ఇక్కడ ఎందుకూ పనికిరాదు, పన్నెండంగుళాలది చూడండి. నిమిషానికి 900 చుట్లదీ 1400 చుట్లదీ ఉంటాయి. రెండోది గాలి ఎక్కువ లాగుతుంది, గోల కూడా ఎక్కువే. పక్కింటి కిటికీ వైపు పెట్టేటట్టయితే మొదటిదే తీసుకుని పక్కింటివాళ్లతో సఖ్యంగా ఉండండి.

ఇది పనిచేయాలంటే లోపలికి గాలి వచ్చే దారి ఉండాలి, అది కనీసం ఫ్యాను కన్నానికి రెట్టింపైనా ఉండాలి. షట్టర్ అడుగు ఎత్తి ఉంచినా చాలు. కానీ మూలల సందుల్లోంచి వస్తుందిలే అని మొత్తం మూసేస్తే మోటారు గోల తప్ప గాలి కదలదు. ఎక్కడ పెట్టాలి? తీరంలో మధ్యాహ్నం సముద్రం గాలి ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపు కింద గాలి వచ్చే దారి, ఎదురు గోడకి రేకుకి దగ్గరగా పైన ఫ్యాను. దాన్నే దక్షిణం గోడకి పెడితే వచ్చే గాలితో కుస్తీ పడుతుంది. బయటి వైపు వాన తగలకుండా రెక్కల మూతా, పిచ్చుకలు గూడు పెట్టకుండా జాలీ ఉండాలి.

పాత సిమెంటు రేకులైతే వాటిని కోసి ఫ్యాను బిగించే పని పెట్టుకోకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. గోడకే కన్నం పెట్టించండి.

ఇంకో మాట. ఎగ్జాస్ట్ ఉంది కదా అని షట్టర్ దించి లోపల బండి స్టార్ట్ చేసి ఉంచకండి. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, స్పృహ తప్పేదాకా తెలియదు. పెట్రోలు డబ్బాలు అసలు లోపల పెట్టకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, పైనున్న ఎగ్జాస్ట్‌కి అది అందదు.

స్టాండు ఫ్యాను, ఫర్రాటా

అద్దె ఇంట్లో ఉంటే స్టాండు ఫ్యానే సరైనది, ఇల్లు మారితే వెంట వస్తుంది. ఆదివారం కారు కడిగే గంటసేపు బయటికి లాక్కుని, తర్వాత మళ్లీ హాల్లో పెట్టుకోవచ్చు. తడి నేల మీద వైరు మాత్రం పారేయకండి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్, వీలైతే బోర్డులో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చు (ఆర్‌సీసీబీ) ఉంటే ధైర్యం.

ఫర్రాటా వేరే జాతి. పెద్ద రెక్కలు, 100 వాట్ల పైమాటే, కొన్ని 200 దాటతాయి. గాలి షెడ్డు ఆ చివరిదాకా తగులుతుంది, తెరిచి ఉన్న షెడ్డులో ముగ్గురు నలుగురు పనిచేసే చోట దీనికి సాటి లేదు. కానీ ఆ గాలి దుమ్మునీ, ధాన్యం పొట్టునీ, రంపపు పొట్టునీ లేపి ఇంట్లోకి పంపుతుంది, రంగు వేసిన వస్తువు మీద అంటిస్తుంది, కుట్టు మిషను ముందు గుడ్డ నిలవనివ్వదు, గ్యాసుతో చేసే వెల్డింగులో ఆ గ్యాసుని చెదరగొట్టి అతుకు పాడుచేస్తుంది. ఇంటి షెడ్డుకి ఇది కొన్నవాళ్లలో ఎక్కువమంది నెంబర్ ఒకటి మీదే తిప్పుకుంటారు. అంతకి గోడ ఫ్యానే చాలు.

టర్బో వెంటిలేటర్, కూలర్

రేకు మీద గుండ్రంగా తిరిగే స్టీలు గుమ్మటం, అదే టర్బో వెంటిలేటర్. కరెంటు అక్కర్లేదు, గాలికి తిరుగుతూ లోపలి వేడిని లాగుతుంది. సముద్రం గాలి బాగా తగిలే ఊరికి పనికొస్తుంది, గాలి బిగిసిన ఉక్కపోత రోజున, అంటే మనకి నిజంగా అవసరమైన రోజున, నీరసంగా తిరుగుతుంది. రేకుకి కన్నం కాబట్టి అంచుల్లో సందులు సరిగా మూయకపోతే వానాకాలం కారుతుంది. తుఫానులొచ్చేది ఎక్కువగా దసరా, సిరిమానోత్సవం రోజుల్లోనే కాబట్టి, హెచ్చరిక వస్తే విప్పి కన్నం మూసే ఏర్పాటుంటేనే పెట్టించుకోండి. ఇల్లు కాకుండా పెద్ద గోడౌన్ అయితే నా మాట వేరే.

కూలర్ గురించి క్లుప్తంగా. నీళ్లు ఆవిరైతేనే అది చల్లబరుస్తుంది, తేమ నిండిన గాలిలో నీళ్లు ఆవిరి కావు. తీరం వైపు వాళ్లకి వద్దు. లోపలి ఊళ్లలో పడమటి గాలి రోజుల్లో బాగానే ఉంటుంది, అదీ తలుపులు తెరిచి పెడితేనే. పనిముట్లు ఉన్న షెడ్డులో మాత్రం ఆ తేమకి స్పానర్లు కూడా తుప్పుపడతాయి.

| రకం | వాట్లు, సుమారుగా | రేకు, షట్టర్ ఉన్న షెడ్డు | శ్లాబు పోర్టికో | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| సీలింగ్ | 30 – 75 | వద్దు | చాలా మంచిది | పై వేడిని దించుతుంది, ఎత్తు కావాలి |
| గోడ ఫ్యాను | 50 – 60 | మంచిది, ఎగ్జాస్ట్ తోడుంటే | మంచిది | పన్నెండడుగులు దాటితే గాలి అందదు |
| ఎగ్జాస్ట్ | సైజుని బట్టి | తప్పనిసరి | అక్కర్లేదు | గాలి వచ్చే దారి లేకపోతే వృథా |
| స్టాండు | 50 – 60 | ఫరవాలేదు | మంచిది | చోటు, తడి నేల మీద వైరు |
| ఫర్రాటా | 100 – 200 పైన | తలుపులు తెరిస్తేనే | పెద్ద పనికి | దుమ్ము, హోరు |
| టర్బో | సున్నా | తోడుగా మాత్రమే | కుదరదు | గాలి లేని రోజు, తుఫాను |

బీఎల్‌డీసీకి ఎక్కువ పెట్టాలా?

బీఎల్‌డీసీ అంటే తక్కువ కరెంటుతో తిరిగే ఎలక్ట్రానిక్ మోటారు ఫ్యాను. ఇప్పుడు షాపులో అందరూ అదే అంటగడుతున్నారు. లెక్క వేసి చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ 30 వాట్లు. రోజుకి పది గంటలు తిప్పితే నెలకి 22.5 యూనిట్లకి బదులు 9 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకి 81 రూపాయల మిగులు. వేసవి నాలుగు నెలలకి 324. ధరలో తేడా వెయ్యి పైన ఉంటే అది రాబట్టడానికి మూడు నాలుగు వేసవులు పడుతుంది. రోజుకి మూడు గంటలే వాడేవాళ్లకి నెలకి పాతిక రూపాయలు కూడా మిగలవు, వాళ్లు ఆ డబ్బుతో రేకు మీద పెయింటు వేయించుకుంటే ఎక్కువ లాభం.

ఇన్వర్టర్ ఉన్న ఇంటికి మాత్రం లెక్క మారిపోతుంది, అదే బ్యాటరీ మీద రెట్టింపు సేపు తిరుగుతుంది. వోల్టేజీ పడిపోయినా వేగం తగ్గదు. కానీ లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. వైశాఖంలో ఉరుములు మెరుపులు వచ్చే సాయంత్రాలు స్విచ్చు ఆపేసే అలవాటు లేకపోతే ఆ బోర్డు పోతుంది, అది కంపెనీ నుంచే రావాలి. మామూలు ఫ్యాను పాడైతే కెపాసిటర్ మార్చడమో, వైండింగ్ చేయించడమో ఊళ్లోనే అయిపోతుంది. పాత రెగ్యులేటర్ మీద బీఎల్‌డీసీ పెట్టకండి, నేరుగా స్విచ్చుకే ఇవ్వాలి.

మీరు ఎవరు, మీకు ఏది

కారు పెట్టి తాళం వేసుకోవడమే అయితే ఫ్యానే వద్దు. పైనా కిందా గాలి పోయే జాలీలు పెట్టించండి. ఎలక్ట్రిక్ స్కూటర్ అక్కడే చార్జింగ్ పెడుతుంటే ఎండలో తిరిగొచ్చిన వెంటనే పెట్టకుండా కాస్త చల్లారనివ్వండి, ఎగ్జాస్ట్ ఉంటే అప్పుడు వేసుకోండి.

కుట్టు పని, ట్యూషన్, చిన్న రిపేర్లు రోజూ గంటల తరబడి చేసేవాళ్లకి ఎగ్జాస్ట్ ఒకటి, గోడ ఫ్యాను ఒకటి. రెండింటికీ కలిపి పెట్టే ఖర్చు ఒక మంచి ఫర్రాటా ఖర్చుకి అటూ ఇటూగా ఉంటుంది, పనితనం మాత్రం రెండింతలు. డబ్బు ఒక్కదానికే ఉంటే ఎండలో షట్టర్ పూర్తిగా తెరిచి పని చేయగలిగిన వాళ్లు గోడ ఫ్యాను, తెరవడం కుదరనివాళ్లు ఎగ్జాస్ట్ ముందు కొనండి.

పెద్దవాళ్లు మధ్యాహ్నం షెడ్డులో పడుకునే ఇల్లయితే నా సలహా ఫ్యాను గురించి కాదు. మే నెలలో పన్నెండు నుంచి నాలుగు దాకా రేకు కింద మంచం వేయనివ్వకండి. పైన చెప్పినట్టు 40 డిగ్రీల గాలిని విసిరే ఫ్యాను పెద్ద వయసు ఒంటికి మేలు చెయ్యదు, పైగా వాళ్లకి దాహం తొందరగా తెలియదు. "నాకేటి, ఇక్కడే బాగుంది" అంటారు, వినకండి, లోపలి గదిలోకి తెచ్చేయండి.

షాపులో అడగాల్సినవి

కాపర్ వైండింగేనా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. గోడ ఫ్యానైతే అక్కడే మూడో నెంబరు మీద తిప్పి, తల అటూ ఇటూ తిరిగేటప్పుడు కటకటమని చప్పుడు వస్తుందేమో వినండి. జాలీ సందులో పిల్లల వేలు దూరకూడదు. ఎగ్జాస్ట్ అయితే డబ్బా మీద గాలి లెక్కా, గోడకి పెట్టాల్సిన కన్నం సైజూ ఫోటో తీసుకుని మేస్త్రీకి ముందే చూపించండి, కన్నం పెట్టాక ఫ్యాను పట్టలేదని మళ్లీ సిమెంటు పని పెట్టుకోవడం ఎవరికీ సరదా కాదు. ఉప్పుగాలి ఊరైతే నట్లు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి విడిగా కొనుక్కోండి, ఫ్యానుతో ఇచ్చేవి తొందరగానే పట్టేస్తాయి. ఇంట్లో పాత స్టాండు ఫ్యాను పని చేస్తుంటే కొత్తది కొనే ముందు దాన్ని షెడ్డులో షట్టర్ దగ్గర బయటికి ముఖం పెట్టి ఒక మధ్యాహ్నం తిప్పి చూడండి. లోపల వేడి తగ్గినట్టు తెలిస్తే మీకు కావాల్సింది ఎగ్జాస్ట్. తెలియకపోతే ముందు రేకు మీద పెయింటు సంగతి చూడండి.